అప్పు నిజమే కావచ్చు, అడిగేవాడు నిజమా? దొంగ రికవరీ ఫోన్లు వచ్చినప్పుడు ఏం చేయాలి

పోయినేడాది మా పిన్నికి ఒక ఫోన్ వచ్చింది. "మేడమ్, లోన్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం. ఫ్రిజ్ మీద మీరు తీసుకున్న లోన్‌లో 8,460 పెండింగ్ ఉంది. సాయంత్రం ఐదులోపు కట్టకపోతే ఫైల్ లీగల్‌కి వెళ్లిపోతుంది. మీరు పెద్దవాళ్లు కాబట్టి మా మేనేజర్‌తో మాట్లాడి 3,500కి సెటిల్‌మెంట్ చేయిస్తాను." మర్యాదగానే మాట్లాడాడు. ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, పాన్ నంబరులో చివరి నాలుగు చదివి వినిపించాడు. పిన్ని 3,500 పంపేసింది. రెండు రోజులకు మళ్లీ ఫోన్. ఎన్‌ఓసీ, అంటే బాకీ లేదన్న పత్రం, రావాలంటే ఇంకో 1,200 కట్టాలట. అప్పుడు నాకు చెప్పింది.

"ఆ లోన్ ఎప్పుడో అయిపోయింది కదా పిన్నీ, ఎందుకు కట్టావు?" అని అడిగాను. "అయిపోయిందనే అనుకున్నా. కానీ లోన్ తీసుకున్న మాట నిజమే కదా నాన్నా. వాడు అన్నీ కరెక్టుగా చెప్తుంటే ఏదో ఒక కిస్తీ మిగిలిపోయిందేమో అనిపించింది" అంది.

ఆవిడ పొరపాటు పడిందంటే పడింది గానీ, తెలివితక్కువతనం కాదు. రెండు వేర్వేరు ప్రశ్నలు ఆ ఫోన్‌లో ఒకటైపోయాయి. అప్పు నిజమేనా? అడిగేవాడు నిజమేనా? మొదటిదానికి అవునని జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికీ అవును అయిపోదు. నిజంగా మూడు ఈఎంఐలు బాకీ ఉన్నవాళ్లకు కూడా దొంగ ఫోన్ రావచ్చు, వాళ్లకే ఎక్కువ ప్రమాదం కూడా. తప్పు చేశామన్న భావన ముందే ఉంటుంది కాబట్టి ఎదురు ప్రశ్న వేయడానికి నోరు రాదు. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు ప్రశ్నలను విడదీసి, ఒక్కోదాన్ని ఫోన్ పెట్టేశాక తేల్చుకోవడం గురించే.

ముందు ఒక మాట: మన వివరాలు వాళ్లకెలా తెలుసు?

లోన్ కోసం నింపిన ఫారాలు, ఇచ్చిన జిరాక్సులు, ఫోన్‌లో వేసుకున్న యాప్‌లు ఎన్ని చేతులు మారతాయో మనకు తెలియదు. కాబట్టి పేరు, అడ్రసు, పాన్, ఏ షాపులో ఏం కొన్నారో చెప్పినంత మాత్రాన వాడు బ్యాంకు మనిషి అయిపోడు.

2020 చివర్లో తెలంగాణలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వాళ్లు కాంటాక్ట్ లిస్టు మొత్తం లాగేసుకుని, బంధువులకూ ఆఫీసు వాళ్లకూ ఫోన్లు చేసి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. తర్వాత 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక వర్కింగ్ గ్రూపు వేసింది. ఆ ఏడాది మొదటి రెండు నెలల్లో యాప్ స్టోర్లను వెతికితే దాదాపు 1,100 లోన్ యాప్‌లు కనిపించాయనీ, వాటిలో 600 వరకూ అక్రమమైనవేననీ ఆ గ్రూపు తేల్చింది. యాప్‌లు మూతపడ్డా, అవి సేకరించిన నంబర్లు మూతపడవు కదా.

మొదటి అడుగు: ఫోన్‌లో ఏం వినాలి

తొందర. దొంగ కాల్‌కు ప్రాణం అదే. "ఐదులోపు", "ఇప్పుడు లైన్‌లో ఉండగానే", "ఫోన్ పెడితే ఆఫర్ పోతుంది" అంటారు. నిజమైన బాకీకి ఇవాళ సాయంత్రం ఐదు గంటలకు కొత్తగా ముంచుకొచ్చేదేమీ ఉండదు. వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ స్కోరు తగ్గుతుంది, నోటీసు వస్తుంది. అవన్నీ రోజులూ వారాలూ పట్టే పనులు.

రెండోది డబ్బు వెళ్లే దారి. లోన్ అకౌంట్‌లోకి కాకుండా ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐ ఐడీకో, క్యూఆర్ కోడ్‌కో పంపమంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. పిన్ని పంపిన డబ్బు చేరిన యూపీఐలో కనిపించిన పేరు ఏ కంపెనీదీ కాదు, ఎవరో కుర్రాడిది. "అది మా క్యాషియర్ పేరు మేడమ్" అన్నాడట.

ఓటీపీ అడిగినా, యూపీఐ పిన్ కొట్టమన్నా, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసేసే ఫైలు) పంపి "మీ స్టేట్‌మెంట్ ఇందులో ఉంది, ఇన్‌స్టాల్ చేయండి" అన్నా అక్కడితో ఆపేయాలి. బాకీ వసూలుకు వీటిలో ఏ ఒక్కటీ అవసరం లేదు. స్టార్, హ్యాష్ గుర్తులున్న ఏదో కోడ్ డయల్ చేయమంటే అసలే వద్దు. కాల్ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, మనకు రావాల్సిన ఓటీపీ కాల్స్‌ను వాళ్ల వైపు మళ్లించుకునే ఎత్తు అది.

ఇక నమ్మకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. వీటి దగ్గరే ఎక్కువమంది పడిపోతారు. ట్రూకాలర్‌లో బ్యాంకు పేరు కనిపించడం రుజువు కాదు. అక్కడి పేర్లలో చాలావరకు జనం పెట్టినవే. వాట్సాప్ డీపీలో లోగో ఎవరైనా పెట్టుకోవచ్చు. మర్యాదగా మాట్లాడాడా, బూతులు తిట్టాడా అన్నది కూడా పనికిరాదు. మొరటుగా మాట్లాడే అసలు ఏజెంట్లున్నారు, తేనె పూసినట్టు మాట్లాడే దొంగలున్నారు. టైమ్ కూడా అంతే. బాకీ వసూలు కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. రాత్రి తొమ్మిదికి చేసినవాడు నియమం తప్పినట్టే గానీ, పగలు పదకొండింటికి చేసినవాడు నిజమైనవాడని దానర్థం కాదు.

రెండో అడుగు: ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

పిన్నికి వచ్చిన రెండో కాల్ తర్వాత, మళ్లీ చేస్తే నాకివ్వమన్నాను. చేశాడు.

"ఏ బ్యాంకు తరఫున మాట్లాడుతున్నారు?"

"లోన్ డిపార్ట్‌మెంట్ సార్."

"ఏ బ్యాంకు లోన్ డిపార్ట్‌మెంట్?"

"మేడమ్‌కి తెలుసు సార్, ఆవిడ తీసుకున్న లోనే కదా."

"లోన్ అకౌంట్ నంబర్ చెప్పండి, రాసుకుంటాను."

"అది సెక్యూరిటీ సార్, ఫోన్‌లో చెప్పకూడదు."

పాన్ నంబరు చెప్పొచ్చట, లోన్ అకౌంట్ నంబరు చెప్పకూడదట. మీ ఏజెన్సీ పేరేంటని అడిగేసరికి గొంతు మారింది. సార్ పోయి నువ్వు వచ్చింది. "నువ్వెవడివి మధ్యలో? పోలీసులు ఇంటికొస్తే అప్పుడు అడుగు" అని పెట్టేశాడు.

అడగాల్సినవి ఇంతే: మాట్లాడేవారి పేరు, ఏజెన్సీ పేరు, ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ తరఫున, లోన్ అకౌంట్ నంబరు, బాకీ వివరం రాతపూర్వకంగా. అడిగి, "నేనే బ్యాంకుతో మాట్లాడి చూసుకుంటాను" అని పెట్టేయండి. వాదన వద్దు. వాళ్లకు వాదన రోజూ చేసే పని, మనకు కాదు.

మాట్లాడకూడనివి కొంచెం జాగ్రత్తగా చూడాలి. "అవును, కట్టాల్సి ఉంది, వచ్చే నెల కడతా" అని నోటంట వచ్చేస్తుంది. వాడికి కావలసింది అదే, భయపడే మనిషి దొరికాడని తెలిసిపోతుంది. పుట్టినతేదీ, ఆధార్, జీతం, ఆఫీసు పేరు "కన్ఫర్మ్ చేయండి" అంటే చేయొద్దు. సగం వాడి దగ్గరుంటాయి, మిగతా సగం మన చేత పూరించుకుంటాడు. బాగా పాత బాకీ అయితే వాట్సాప్‌లో కూడా ఏమీ రాసివ్వకండి. సాధారణంగా అప్పు వసూలుకు కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువులోపల అప్పు ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టినా, కొంత కట్టినా లెక్క మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది. అలాంటి బాకీ ఉంటే ఫోన్‌లో కాదు, ఒక లాయర్ దగ్గర కూర్చుని మాట్లాడాలి.

మూడో అడుగు: అప్పు నిజమేనా?

ఫోన్ పెట్టేశాక మనమే డయల్ చేయాలి. వాడిచ్చిన నంబరుకు కాదు, ఎస్ఎంఎస్‌లో వచ్చిన నంబరుకూ కాదు. లోన్ అగ్రిమెంటు మీదో, పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో ఉన్న నంబరుకు. గూగుల్‌లో "కస్టమర్ కేర్" అని వెతికి, పైన వచ్చినదాన్ని నొక్కడం మాత్రం చేయకండి. అక్కడ దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. బ్యాంకు సైటు చూడాలంటే చిరునామా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందేమో చూడండి. బ్యాంకులన్నీ ఆ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 వరకు గడువు పెట్టింది. వీలైతే బ్రాంచికే వెళ్లడం ఇంకా మంచిది.

అసలు ఏ బ్యాంకో కూడా తెలియనప్పుడు క్రెడిట్ రిపోర్టు, అంటే మన పేరు మీదున్న అప్పుల చిట్టా, తీయాలి. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత సైట్లలోనే తీసుకోండి. స్కోరు ఎంతుందో తర్వాత చూడొచ్చు. ముందు అకౌంట్ల జాబితా చూడండి. అప్పిచ్చిన సంస్థ పేరు, లోన్ నడుస్తోందా మూసేశారా, ఓవర్‌డ్యూ ఎంత. పిన్ని రిపోర్టులో ఫ్రిజ్ లోన్ ఎదురుగా క్లోజ్డ్ అనీ, బాకీ సున్నా అనీ ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకుంది.

రిపోర్టులో మీరు తీసుకోని లోన్ కనిపిస్తే అది వేరే సమస్య. మీ పాన్ వాడి ఎవరో తీసుకుని ఉండొచ్చు. అదే సైటులో డిస్ప్యూట్ (ఇది తప్పు, సరిచేయండి అని ఫిర్యాదు) పెట్టండి, అప్పిచ్చిన సంస్థకు రాయండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఆ డిస్ప్యూట్‌ను 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ప్రతిరోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

నాలుగో అడుగు: అడిగేవాడు నిజమేనా?

అప్పు నిజమేనని తేలిందనుకుందాం. అప్పుడు కూడా ఆ ఫోన్ చేసినవాడికి డబ్బు ఇవ్వాలని ఏమీ లేదు. బ్యాంకునే అడగండి: "నా ఫైలు ఏ ఏజెన్సీకి ఇచ్చారు?" ఫైలు ఏజెన్సీకి ఇచ్చినప్పుడు ఆ వివరాలు మనకు తెలియజేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఇంటికి వచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డూ, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రమూ ఉండాలి. తాము పెట్టుకున్న ఏజెన్సీల జాబితాను బ్యాంకులు వెబ్‌సైటులో పెట్టాలి కూడా. యాప్ ద్వారా తీసుకున్న లోన్ అయితే రిజర్వ్ బ్యాంకు సైటులో 2025 జులై నుంచి డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా ఉంది, అందులో ఆ పేరుందేమో చూడండి. మీ లోన్‌ను వేరే సంస్థకు అమ్మేశామని చెప్తే, ఆ సంగతి పాత బ్యాంకు నోటితోనే వినండి.

ఏజెన్సీ కూడా నిజమైనదే అయితే కట్టడం బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచిలోనో, లోన్ అకౌంట్‌లోకే కట్టాలి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. సెటిల్‌మెంట్ అంటే ముందు బ్యాంకు లెటర్‌హెడ్ మీద లెటర్, ఆ తర్వాతే డబ్బు. ఇంకోటి, సెటిల్ చేసుకున్న లోన్ క్రెడిట్ రిపోర్టులో క్లోజ్డ్ అని కాదు, సెటిల్డ్ అని పడుతుంది. తర్వాత ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ ఒక్క పదం అడ్డొస్తుంది.

బెదిరింపులకు దిగితే

"సాయంత్రానికి అరెస్టు." ఈఎంఐ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. అందుకోసం పోలీసులు ఇంటికొచ్చి పట్టుకెళ్లరు. చెక్ బౌన్స్ అయితే క్రిమినల్ కేసు వేయొచ్చన్న మాట నిజమే, ఆటో డెబిట్ ఫెయిలైనా అలాంటి సెక్షన్ ఉంది. కానీ చెక్ కేసులో కూడా ముందు రాతపూర్వకంగా నోటీసు రావాలి, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులుంటాయి, ఆ తర్వాతే కోర్టు. ఎలా చూసినా ఆ సాయంత్రం లెక్కలోకి రాదు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అంటే, అలాంటిది మన చట్టంలో లేనే లేదు.

వాట్సాప్‌లో కోర్టు నోటీసు పీడీఎఫ్ పంపడం ఈమధ్య మామూలైపోయింది. మూడు సింహాల గుర్తు, ఎర్ర స్టాంపు, సెక్షన్ల వరుస. నిజమైన కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఒక్కోటి) ఉంటుంది, కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో కొట్టి చూడొచ్చు. లోక్ అదాలత్ పేరుతో వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్ రాజీ కుదిర్చే వేదిక, రానందుకు జైల్లో పెట్టేది కాదు.

అన్నిటికంటే కష్టమైనది బంధువులకు ఫోన్లు చేయడం, ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపుతామనడం. ఇక్కడ నా సలహా ఒకటే: వాడికంటే ముందు మీరే చెప్పేయండి. "నా నంబరు లోన్ మోసగాళ్ల చేతిలో పడింది. నా పేరుతో ఫోన్లు, ఫోటోలు వస్తే నమ్మకండి, డబ్బు పంపకండి, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి" అని కుటుంబం గ్రూపులో, ఆఫీసు గ్రూపులో పెట్టండి. పెట్టేముందు ఒక పది నిమిషాలు సిగ్గుగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ పరువు గురించిన భయం తప్ప వాడి చేతిలో ఇంకేం లేదు, ఆ మెసేజ్‌తో అదీ పోతుంది. డబ్బు కడితే మాత్రం ఫోటోలు డిలీట్ కావు, రేటు పెరుగుతుంది. అసలు ఏజెంటయినా సరే, మీ స్నేహితులకూ చుట్టాలకూ ఫోన్ చేసి అవమానించడాన్ని రిజర్వ్ బ్యాంకు నిషేధించింది.

ఈ టెన్షన్‌లో మనసు మరీ కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఫోన్ల తర్వాత ముభావంగా మారితే, డబ్బు లెక్క తర్వాత, ముందు పక్కన కూర్చోండి.

డబ్బు పంపేశాక తెలిస్తే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బంధువులకు చెప్పి, ఆలోచించి, రేపు చేద్దామనుకుంటే ఆలోగా డబ్బు నాలుగైదు అకౌంట్లు దాటిపోతుంది. త్వరగా చెప్తే అది ఏదో ఒక అకౌంట్‌లో ఉండగానే ఆపే వీలుంటుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు (యూటీఆర్), టైమ్, ఎంత, ఎవరికి పంపారు అన్నవి చేతిలో పెట్టుకోండి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. పిన్ని విషయంలో మేం చేసేసరికి రెండు రోజులు దాటింది. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు రాలేదు.

తర్వాత ఫోన్ శుభ్రం చేసుకోవాలి. వాళ్లు వేయించిన యాప్‌లు తీసేయండి. కాల్ ఫార్వర్డింగ్ పోవడానికి ##002# డయల్ చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట మీకు తెలియని మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు ఇచ్చిన అనుమతి) ఏదైనా ఉంటే రద్దు చేయండి. పిన్‌లు మార్చండి, వీలైతే వేరే ఫోన్ నుంచి.

ఎవరికి చెప్పాలి

డబ్బు పోకపోయినా ఆ నంబరును టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులో, అనుమానాస్పద కాల్స్ కోసం ఉన్న చక్షు విభాగంలో రిపోర్టు చేయండి, రెండు నిమిషాల పని. ఎక్కడా రిజిస్ట్రేషన్ లేని లోన్ కంపెనీ గురించయితే రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్ ఉంది. బెదిరింపులుంటే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి డబ్బు గుంజడం 308, నేరపూరిత బెదిరింపు 351, మోసం 318 సెక్షన్ల కిందికి వస్తాయి. కాల్ రికార్డింగులు, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచండి. చిరాకేసి చాట్ మొత్తం తీసేసేవాళ్లే ఎక్కువ.

వేధించింది అసలు బ్యాంకు ఏజెంటే అని తేలితే దారి వేరు. ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెప్తారు.

నంబరు బ్లాక్ చేశారు కదా, అయిపోయిందనుకోకండి. డబ్బు ఇచ్చిన నంబరు వాళ్లలో వాళ్లు పంచుకుంటారు కాబోలు, పిన్నికి తర్వాత కూడా కొన్ని వారాలపాటు కొత్త నంబర్ల నుంచి కాల్స్ వచ్చాయి. ఒకసారి ఆవిడే ఎత్తి, "లోన్ అకౌంట్ నంబర్ చెప్పు బాబూ, రాసుకుంటా" అంది. అవతల కాసేపు ఏమీ వినపడలేదట. "నిజంగానే పెన్ను తెచ్చుకున్నా" అంది నాతో.